జ్ఞానుల అంగీ విడువని హతసాక్షి జస్టిన్

యోహాను సువార్త నాలుగవ అధ్యాయములోని యాకోబు బావి మన పాఠకులందరికిని సుపరిచితమే. ప్రయాణముచే అలసిన ప్రభువు సమరయ స్త్రీతో జీవజలమును గూర్చి మాటలాడిన స్థలమది. ఆ బావికి సమీపముననే, పూర్వపు షెకెము ప్రక్కన, క్రీ.శ. 72లో వెస్పసియను చక్రవర్తి యేలుబడియందు ఒక క్రొత్త పట్టణము స్థాపింపబడెను. దానికి ఫ్లావియ నెయపొలి అని పేరు పెట్టిరి. ఇప్పటి నాబ్లుసు ఇదియే. ఆ పట్టణమున సుమారు క్రీ.శ. 100లో జస్టిన్ జన్మించెను. తండ్రి పేరు ప్రిస్కస్, తాత పేరు బాక్కియస్. పుట్టిన ఊరినిబట్టి తాను సమరయుడనని అతడు చెప్పుకొనెనే గాని, సున్నతి పొందినవాడు కాడు, మోషే ధర్మశాస్త్రమును బాల్యమున ఎరిగినవాడును కాడు. గ్రీకు భాష, గ్రీకు విద్య, గ్రీకు దేవతల కథలు, వీటి నడుమ అతడు పెరిగెను. ప్రభువు జీవజలమును వాగ్దానము చేసిన చోటికి కూతవేటు దూరమున పుట్టియు, ఆ జలమును రుచి చూచుటకు అతడు నలుగురు గురువుల గడపలు త్రొక్కవలసివచ్చెను.

అతడు తరువాత వ్రాసిన వ్రాతల బలము తెలియవలెనన్న, ఆ కాలపు బాలుడు ఏమి చదువుకొనుచుండెనో ముందుగా తెలిసికొనవలెను. హోమరు, హెసియడ్ అను కవుల కావ్యములే గ్రీకు బాలునికి పాఠ్యపుస్తకములు. లుస్త్ర పట్టణస్థులు బర్నబాకు పెట్టిన పేరు అపొస్తలుల కార్యముల పదునాలుగవ అధ్యాయములో మనము చదువుచున్నాము. మన తెలుగు బైబిలులో ద్యుపతి అని యున్న ఆ పేరు గ్రీకువారి జ్యూస్ దేవునిది. అతడు దేవతలకు రాజు. అతని తాతను అతని తండ్రి అంగహీనుని చేసెను. ఆ తండ్రి తన బిడ్డలనే మ్రింగెను. జ్యూస్ ఆ తండ్రిని జయించి బంధించి సింహాసనమెక్కెను. పరస్త్రీల కొరకు అతడు హంస రూపమును ఎద్దు రూపమును ధరించెను. అందమైన ఒక బాలుని ఎత్తుకొనిపోయెను. లుస్త్రవారు పౌలునకు పేరు పెట్టిన హెర్మే, పుట్టిన దినముననే అన్నగారి పశువులను దొంగిలించెను. అఫ్రొదీతె దేవి పరపురుషునితో వలలో చిక్కగా తక్కిన దేవతలు చూచి నవ్విరి. బాలుడు వీటిని ఇంటి అరుగు మీద వినిన పిట్టకథలవలె వినలేదు. పాఠముగా కంఠస్థము చేసెను.

గ్రీకులకు నీతియే లేదని ఇందువలన ఎవరును తలంపరాదు. అట్లు చెప్పుట మన పక్షమునకు బలమును కాదు, న్యాయమును కాదు. అతిథిని, శరణుజొచ్చినవానిని జ్యూస్ కాపాడునని వారు నమ్మిరి. ఒట్టు పెట్టుకొని తప్పినవానిని ఆయన దండించునని భయపడిరి. మృతులను పాతిపెట్టుట, తలిదండ్రులను గౌరవించుట పవిత్రమైన విధులుగా ఎంచిరి. ఎల్యూసిస్ పట్టణపు రహస్య దీక్షకు రక్తదోషము గలవారిని రానిచ్చెడివారు కారు. ఎపిదౌరులో స్వస్థతల దేవుడని పేరొందిన అస్క్లేపియస్ ఆలయము కలదు. లోపలికి వచ్చువాడు శుద్ధుడై యుండవలెననియు, శుద్ధి యనగా పవిత్రమైన తలంపేననియు ఆ ఆలయమున వ్రాయించిన వ్రాత యుండెను. ఆ మాట వ్రాయించిన అజ్ఞాతుని మనము గౌరవింపవలసినదే.

అయినను మొత్తము మీద ఆ మతము నరుని అడిగినది నడతను కాదు, క్రియాకలాపమును. బలిపశువు లోపము లేనిదైయుండవలెను. అర్పించువాని బ్రదుకులోని లోపమును విచారించువారు అరుదు. పురిటి మైల, చావు మైల, హత్య వలని మైల, ఇవన్నియు కడుగుకొనదగిన మైలలే. పూజారి పని బలి జరిగించుట. ప్రజలకు నీతి బోధించుట అతని పని కాదు. కుడిఎడమలు తెలుపు గ్రంథము ఆలయమున లేదు, బోధించుటకు పీఠము లేదు. దేవుడు పరిశుద్ధుడు గనుక మీరును పరిశుద్ధులు కావలెనను పిలుపు ఏ ఆలయమునుండియు వెలువడలేదు. వెలువడుట ఎట్లు? దేవుని పోలి నడచుకొమ్మని జ్యూస్ పూజారి చెప్పిన, ఆ ఊరి గృహస్థులు తలుపులకు గడియలు వేసికొనవలసినదే గదా!

గ్రీకులలోని ఉత్తములు ఈ చిక్కును ఎరుగకపోలేదు. మనుష్యులలో సిగ్గుపడదగిన దొంగతనము, వ్యభిచారము, మోసము అన్నియు కవులు దేవతలకు అంటగట్టిరని క్రీస్తుకు పూర్వము ఆరవ శతాబ్దముననే జెనోఫనీస్ నిందించెను. ఉత్తమమైన రాజ్యములో ఇట్టి కథలను పిల్లలకు చెప్పనీయరాదని ప్లేటో తన రిపబ్లిక్ గ్రంథములో విధించెను. అతడే వ్రాసిన మరియొక సంభాషణలో యూథిఫ్రో అనువాడు తన కన్నతండ్రి మీద హత్యానేరము మోపుటకు న్యాయస్థానమునకు పోవుచు, జ్యూస్ తన తండ్రిని బంధింపలేదా యని సమర్థించుకొనును. సోక్రటీసు అతని నొక ప్రశ్న అడుగును. దేవతలు మెచ్చుకొనుటవలన ఒక పని పుణ్యమగునా, లేక అది పుణ్యమగుటవలన దేవతలు దానిని మెచ్చుకొందురా? యూథిఫ్రో చివరకు పని యున్నదని జారుకొనును. దేవతలే ఒకరితోనొకరు కలహించుకొను మతములో ఆ ప్రశ్నకు జవాబు దొరకుట కష్టము. ఇట్లు గ్రీకు దేశమున పూజ ఒక ఇంటను, నీతి మరియొక ఇంటను కాపురముండెను. బలి అర్పింపదలచినవాడు ఆలయమునకు, బాగుగా బ్రదుకదలచినవాడు జ్ఞానుల యొద్దకు పోవుచుండెను.

జస్టిన్ జ్ఞానుల యొద్దకు పోయెను. దేవుని ఎరుగవలెనని అతని ఆశ. ట్రైఫో అను యూదునితో జరిగిన సంవాదముగా అతడు వ్రాసిన గ్రంథారంభమున ఆ వృత్తాంతము కలదు. మొదట ఒక స్తోయికుని చేరెను. కొంతకాలము గడచినను దేవుని గూర్చి ఒక్క ముక్క తెలియలేదు. గురువునకే అది తెలియదు, తెలియనక్కరలేదనియు ఆయన అభిప్రాయము. తరువాత అరిస్టాటిల్ సంప్రదాయస్థుడొకడు కొద్ది దినములు కాకమునుపే రుసుము మాట ఎత్తెను. ఇతడు జ్ఞాని కాడని జస్టిన్ లేచి వచ్చెను. మూడవవాడు పైథాగరస్ మార్గమువాడు, పేరుపడ్డవాడు. సంగీతము, ఖగోళము, రేఖాగణితము నేర్చి రమ్మని, అంతవరకు దైవజ్ఞానము మాట తలపెట్టవద్దని త్రిప్పి పంపెను. నాలుగవవాడు ప్లేటో శిష్యుడు. ఇక్కడ జస్టిన్ మనస్సునకు రెక్కలు వచ్చినట్లాయెను. కంటికి కనబడని నిత్యసత్యములను ధ్యానించుచు, త్వరలోనే దేవుని ముఖాముఖిగా చూతునని తలంచెను. ఈ నలుగురి కథ కావ్యమర్యాదకు తగినట్లు కూర్చబడినదని కొందరు పండితుల అనుమానము. కూర్పు కొంత యుండిన నుండవచ్చును, అందులోని దాహము మాత్రము కూర్చినది కాదు.

ఏకాంత ధ్యానమునకై అతడు ఒకనాడు సముద్రతీరమునకు పోగా, సాధువైన యొక వృద్ధుడు వెంటవచ్చుట చూచెను. ఇద్దరికిని మాట కలిసెను. జ్ఞానులు దేవుని చూడలేదు, చూచినవారి వలన వినలేదు, అట్టివారు ఆయనను గూర్చి సరిగా తలంచుట ఎట్లని ఆ ముసలివాడు అడిగెను. నరుని ఆత్మ తనంతట తాను నిత్యమైనదను ప్లేటో మాటను విడదీసి ప్రశ్నించెను. జ్ఞానులందరికంటె పూర్వులైన ప్రవక్తలు కలరనియు, తాము చూచినదియు వినినదియే వారు చెప్పిరనియు, వారు క్రీస్తును ముందుగా తెలిపిరనియు వివరించి, వెలుగు ద్వారములు తెరువబడునట్లు ప్రార్థింపుమని చెప్పి వెడలిపోయెను. జస్టిన్ అతనిని మరల చూడలేదు. అతని పేరైనను మనకు తెలియదు. కాని ఆ క్షణమున తన ఆత్మలో అగ్ని రగిలెననియు, ప్రవక్తలయందును క్రీస్తు స్నేహితులయందును ప్రేమ పుట్టెననియు జస్టిన్ సాక్ష్యమిచ్చుచున్నాడు.

అతని మారుమనస్సునకు మరియొక కారణమును అతడే వేరొక గ్రంథములో చెప్పెను. మన విషయమునకు ఇది మిక్కిలి ముఖ్యము. క్రైస్తవులు రహస్యముగా నరమాంసము తిందురనియు, దీపములార్పి విచ్చలవిడిగా ప్రవర్తింతురనియు ఆ రోజులలో లోకవాడుక. ప్లేటో పాఠములు చదువుకొనుచున్న జస్టిన్ ఆ మాటలు వినెను. వారు మరణమునకు నిర్భయముగా నడచుటయు చూచెను. భోగమే ప్రాణముగా గలవాడు ఆ భోగములన్నిటిని తెగగొట్టు మరణమును ఆహ్వానించునా? ఎటులైన తప్పించుకొని బ్రదుకజూచును గదా. కాబట్టి వీరిని గూర్చిన నిందలు నిజము కాజాలవని అతడు నిశ్చయించుకొనెను. క్రీస్తు సిద్ధాంతమును పరీక్షింపకమునుపే క్రీస్తువారి నడతను పరీక్షించిన న్యాయబుద్ధి అతనిది.

విశ్వాసియైన తరువాతను జస్టిన్ జ్ఞానులు ధరించు అంగీని విడువలేదు. క్రీస్తునందు తాను కనుగొనినదే నమ్మదగిన, ప్రయోజనకరమైన జ్ఞానమని అతని తాత్పర్యము. ట్రైఫోతో సంవాదము ఎఫెసులో జరిగినట్లు యూసేబియస్ అను సంఘచరిత్రకారుడు తెలుపుచున్నాడు. పిమ్మట జస్టిన్ రోమాకు వచ్చి, ఒక స్నానశాల ప్రక్కన మార్టినస్ అనువాని యింటి మేడగదిలో నివసించుచు, తన్ను వెదకి వచ్చినవారికెల్ల సత్యమును బోధించెను. అష్షూరు దేశపువాడైన తాతియను అతని శిష్యులలో నొకడు.

సుమారు 155లో అతడు ఆంటోనైనస్ పయస్ చక్రవర్తికిని, ఆయన దత్తపుత్రులకును, రోమా శాసనసభకును, ప్రజలకును ఒక విన్నపము వ్రాసెను. మొదటి ప్రతివాదమని దానికి పేరు. క్రైస్తవుడను పేరు చాలును, వేరు నేరము అక్కరలేదు, ఒప్పుకొనినవానికి మరణము, కాదన్నవానికి విడుదల, ఇట్లుండెను అప్పటి న్యాయము. జస్టిన్ కోరినది దయ కాదు, విచారణ. మాలో ఎవడైన దుర్మార్గుడని తేలిన వానిని దుర్మార్గునిగా శిక్షింపుడు, పేరును శిక్షింపకుడని అతడు అడిగెను. భక్తిపరులనియు జ్ఞానులనియు పేరుపడిన పాలకులు ఆ పేరునకు తగినట్లు సత్యమును ప్రేమింపవలెనని వారి ముఖముననే హెచ్చరించెను. ధైర్యశాలి.

క్రైస్తవులు నాస్తికులనునది పెద్ద నింద. విగ్రహము లేదు, బలి లేదు, మరి దేవుడెక్కడ? జస్టిన్ ఆ నిందను సగము ఒప్పుకొనెను. మీరు చెప్పు అట్టి దేవతల విషయమున మేము నాస్తికులమే, నీతికిని ఆశానిగ్రహమునకును తండ్రియైన సత్యదేవుని విషయమున కాము అని అతని ఉత్తరము. దేవతలను పోలి నడచుకొనుట శ్రేష్ఠమని మీరందరు తలంచుచున్నారు గదా, మరి చదువుకొను పిల్లల చేతికి తండ్రిని బంధించినవాని కథలును పరస్త్రీలను చెరచినవాని కథలును ఇచ్చుచున్నారు, వారు ఎవరిని పోలి నడువవలెనని అతడు నిలదీసెను. జెనోఫనీస్ అడిగిన ప్రశ్నయే ఇది, ప్లేటో అడిగిన ప్రశ్నయే. అయితే వారు కథలను సవరింప జూచిరి. జస్టిన్ ఆ దేవతలనే విడిచిపెట్టుమని అడిగెను. పరిశుద్ధుడైన దేవుడొకడు కలడని, ఆయన తన పోలికను నరులలో కోరుచున్నాడని అతనికి తెలిసినది గనుక అట్లు అడుగగలిగెను.

ఆ తరువాత అతడు సాక్షులుగా తెచ్చినది శాస్త్రమును కాదు, మారిన మనుష్యులను. జారత్వమునందు సంతోషించినవారు ఇప్పుడు పవిత్రతను ప్రేమించుచున్నారు. మంత్రతంత్రములు చేసినవారు దేవునికి తమ్మును అప్పగించుకొనిరి. ధనమే సర్వమనుకొనినవారు కలిగినదానిని లేనివారితో పంచుకొనుచున్నారు. జాతి వేరని ఒకరి పొయ్యి ఒకరు ముట్టనివారు ఒక్క బల్లయొద్ద కూర్చుండి శత్రువుల కొరకు ప్రార్థించుచున్నారు. దీని వెనువెంటనే అతడు కొండమీది ప్రసంగములోని ప్రభువు ఆజ్ఞలను వరుసగా చక్రవర్తి ముందుంచెను. చూపులోని మోహము, తిరిగి కొట్టకుండుట, ఒట్టు పెట్టుకొనకుండుట, ఇవన్నియు అందున్నవి.

ఒక్క విషయమున ఆనాటి సమాజమునకును సంఘమునకును గల అంతరము కంటికి కట్టినట్లు కనబడును. పుట్టిన బిడ్డను పెంచుటయో పారవేయుటయో తండ్రి యిష్టము. ముఖ్యముగా ఆడబిడ్డలను, అంగవైకల్యము గలవారిని బయట విడిచిపెట్టుట గ్రీకు దేశమునను రోమాలోను వాడుక. ఏ దేవతయు దానిని నిషేధింపలేదు. దేవతల కథలను మందలించిన ప్లేటోయే తన ఆదర్శ రాజ్యములో లోపముగల శిశువులను తొలగింపవచ్చుననెను. అరిస్టాటిల్ అట్టి శిశువును పెంచరాదని చట్టమే యుండవలెననెను. అంత గొప్ప బుద్ధిమంతులు ఆ పసికందు ఏడ్పు వినలేకపోయిరి. జస్టిన్ మాత్రము శిశువులను పారవేయుట దుర్మార్గమని చక్రవర్తికి సూటిగా వ్రాసెను. అట్లు పారవేయబడినవారిని కొందరు ఏరుకొని, పశువుల మందలవలె పెంచి, వ్యభిచార గృహములలో నిలుపుచున్నారనియు, ఆ సొమ్ముమీద ప్రభుత్వము పన్ను తీసికొనుచున్నదనియు, తండ్రి తెలియక తన బిడ్డయొద్దకే పోవు ప్రమాదము కలదనియు తేటపరచెను. ఎవడును ఏరుకొనకున్న ఆ బిడ్డ చచ్చును, అప్పుడు మేము నరహంతకులమగుదుమని చేర్చెను. చక్రవర్తికి పంపు విన్నపములో దిక్కులేని పసిబిడ్డకు ఇంత చోటిచ్చుట గ్రీకు పాఠశాల నేర్పిన పని కాదు.

ఆ గ్రంథము చివరను ఆదివారపు ఆరాధన వర్ణింపబడినది. బైబిలు వెలుపల మనకు దొరకిన తొలి వర్ణనలలో ఇది మిక్కిలి విపులమైనది. పట్టణములలోను పల్లెలలోను ఉన్నవారందరు ఒక్కచోట కూడుదురు. అపొస్తలుల జ్ఞాపకములో ప్రవక్తల వ్రాతలో సమయమున్నంతసేపు చదువుదురు. అధ్యక్షుడు లేచి, వినిన మంచి సంగతులను అనుసరింపుడని బుద్ధి చెప్పును. అందరు లేచి ప్రార్థింతురు. రొట్టెయు ద్రాక్షారసమును తెచ్చెదరు, కృతజ్ఞతాస్తుతి జరుగును, ప్రజలు ఆమెన్ అందురు, రాలేకపోయినవారికి పరిచారకులు పంచిపెట్టెదరు. కలిగినవారు ఇష్టము కొలది ఇచ్చిన కానుక అధ్యక్షుని యొద్ద ఉండును. దానితో అతడు అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరసాలలోనున్నవారిని, పరదేశులను ఆదుకొనును. మనము ప్రతివారము చూచునదే గనుక దీనియందలి వింత మనకు తోచదు. బలిపీఠమునకును నీతిబోధకును పొత్తు లేని లోకములో వాక్యము, బల్ల, విధవరాలి పోషణ ఒక్క గంటలో ఒక్క కప్పు క్రింద ఇమిడినవి. వేర్వేరు ఇండ్లలో కాపురమున్న పూజయు నీతియు ఇక్కడ ఒక్క యింటికి వచ్చినవి.

ఇట్టి నీతికి ఏమి వెల చెల్లింపవలసివచ్చెనో రెండవ ప్రతివాదము తెలుపుచున్నది. రోమాలో ఒక దంపతులు దుర్వ్యసనములలో జీవించుచుండిరి. భార్య క్రీస్తు బోధ విని మారెను, భర్తను మార్చుటకు ఎంతయో ప్రయత్నించెను. అతడు వినలేదు. ఆమె విడిపోదలచెను గాని, అతడు మారునేమో ఓపిక పట్టుమని తనవారు చెప్పగా మనస్సు చంపుకొని నిలిచెను. భర్త అలెక్సంద్రియకు పోయి మరింత చెడిపోయెనని వినిన మీదట, ఒకే బల్ల, ఒకే పడకలో ఉండుట అతని పాపములో పాలుపొందుటయేయని తలంచి విడుదల పత్రికనిచ్చెను. తన భార్య సేవకులతో త్రాగుచు తిరుగుట మానినందుకు సంతోషింపవలసిన ఆ భర్త, ఆమె క్రైస్తవురాలని నేరము మోపెను. వ్యవహారములు చక్కబెట్టుకొనుటకు గడువు కావలెనని ఆమె చక్రవర్తికి విన్నవించుకొనగా అది లభించెను. ఆమెను ఏమియు చేయలేక అతడు ఆమె బోధకుడైన టాలెమీయస్ మీద పడెను. తనకు తెలిసిన శతాధిపతిచే అతనిని పట్టించి, క్రైస్తవుడవా అని మాత్రమే అడుగుమనెను. సత్యప్రియుడైన టాలెమీయస్ అవుననెను. చెరసాలలో చాలకాలము బాధలుపడి నగరాధికారియైన ఉర్బికస్ ఎదుట నిలిచెను. అక్కడను అదే ప్రశ్న, అదే జవాబు, మరణశిక్ష. చూచుచున్న లూకియస్ అను విశ్వాసి, దొంగయు కాని జారుడును కాని ఈ మనుష్యుని ఏ న్యాయమున చంపుచున్నావని అడిగెను. నీవును వారిలోనివాడవువలె నున్నావని అధికారి యనెను. అవునని లూకియస్ ఒప్పుకొనెను. అతనిని, మరియొకనిని కూడ చంపిరి. ఆ స్త్రీ పేరు జస్టిన్ చెప్పలేదు, ఆమె తరువాతి గతియు చెప్పలేదు.

ఇంత స్పష్టముగా గ్రీకు దేవతలను ఖండించిన జస్టిన్ గ్రీకు జ్ఞానులను మాత్రము త్రోసివేయలేదు. యోహాను మొదటి అధ్యాయములో మన తెలుగు బైబిలు వాక్యము అని అనువదించిన గ్రీకు మాటకు పలుకు అనియు బుద్ధి అనియు రెండర్థములు కలవు. ఆ వాక్యము శరీరధారియగుటకు ముందే విత్తనములవలె నరజాతియందు వెదజల్లబడెననియు, సోక్రటీసు, హెరాక్లిటస్ వంటివారు ఆ వాక్యము ప్రకారము బ్రదికినంతమట్టుకు క్రీస్తువారేననియు అతడు వ్రాసెను. ఈ మాట అతిశయోక్తియని మన సంఘములలో అనేకులు ఆక్షేపించిరి, ఆ ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. పాపము, కృప అను విషయములలో పౌలునందలి లోతు జస్టిన్ యందు కనబడదు. అన్యుల కథలన్నియు దయ్యములు ముందుగా పన్నిన అనుకరణలని చేసిన వాదము నేడు ఎవరికిని తృప్తినీయదు. టైబరు నది ద్వీపమున గారడీవాడైన సీమోనుకు విగ్రహము నిలిపిరని అతడు వ్రాసెను గాని, 1574లో అక్కడ బయల్పడిన శిలాశాసనమును చూడగా అది సెమో సాంకస్ అను పురాతన దేవునిదని తేలినది. అయినను సోక్రటీసు విషయమున అతడు గీసిన గీత మాత్రము సరియైనది. సోక్రటీసు బోధ కొరకు ఎవడును ప్రాణమిచ్చునంతగా ఆయనను నమ్మలేదు, క్రీస్తు కొరకో జ్ఞానులే కాదు, చేతిపనివారును చదువురానివారును మరణమును లక్ష్యపెట్టలేదు. మంచిని గుర్తించుట ఒకటి, దానిని సామాన్యునికి బ్రదుకుగా ఇచ్చుట మరియొకటి. మొదటిది గ్రీకులకు చాలవరకు తెలియును. రెండవది మేడగదిలో కూడుకొను చిన్న గుంపులో జరుగుట జస్టిన్ కన్నులార చూచెను.

క్రెసెన్స్ అను సినిక్ సంప్రదాయపు ఉపన్యాసకుని అతడు బహిరంగ వాదములో ఓడించెను. అతని పన్నాగమువలన తనకు మరణము రావచ్చునని ముందే వ్రాసెను. 161లో మార్కస్ ఆరీలియస్ సింహాసనమెక్కెను. స్తోయిక జ్ఞానులలో అగ్రగణ్యుడు, తన మనస్సును తానే గద్దించుకొనుచు వ్రాసికొనిన గ్రంథమువలన నేటికిని గౌరవింపబడుచున్నవాడు. అందులో తన గురువైన జూనియస్ రుస్టికస్‌కు కృతజ్ఞత తెలుపుచు, నడతను దిద్దుకొనవలెనని తెలిపినవాడును, ఎపిక్టీటస్ బోధలను చేతికిచ్చినవాడును ఆయనయేనని వ్రాసెను. రోమా నగరాధికారిగా, సుమారు 165లో, జస్టిన్‌కు తీర్పు తీర్చినవాడు ఈ రుస్టికసే. క్రూరుడు కాడు, దుర్నీతిపరుడు కాడు. గ్రీకు నీతి పండించిన మేలిఫలములలో నొకడు.

ఆ విచారణ వృత్తాంతము మనకు దక్కినది. దేవతలను నమ్ముము, చక్రవర్తులకు లోబడుమని రుస్టికస్ ఆజ్ఞాపించెను. ఏ బోధను అనుసరించుచున్నావని అడుగగా, అన్నిటిని నేర్వజూచి చివరకు క్రైస్తవుల సత్యబోధను చేపట్టితినని జస్టిన్ చెప్పెను. ఎక్కడ కూడుదురని అడుగగా, క్రైస్తవుల దేవుడు ఒక స్థలమునకు పరిమితుడు కాడని చెప్పి, తన మేడగది జాడ మాత్రమే తెలిపెను. పిమ్మట అతనితో పట్టుబడినవారిని ఒక్కొక్కరిని ప్రశ్నించిరి. ఖారితో అను స్త్రీయు ఖారిటోనును దేవుని వలన క్రైస్తవులమనిరి. యూఎల్పిస్టస్ కప్పదొకియవాడు, చక్రవర్తి యింటి దాసుడు, క్రీస్తు తన్ను విడిపించెననెను. ఈకొనియనుండి వచ్చిన హీరాక్సు, తన తలిదండ్రులు చనిపోయిరనియు, క్రీస్తే నిజమైన తండ్రి, ఆయనయందలి విశ్వాసమే తల్లి అనియు చెప్పెను. పయోను, లిబెరియను అనువారును అట్లే ఒప్పుకొనిరి. అంగీ ధరించిన జ్ఞానియు, చక్రవర్తి దాసుడును, ఒక స్త్రీయు ఒకే వరుసలో నిలిచిరి.

రుస్టికస్ మరల జస్టిన్ వైపు తిరిగి, కొరడాలతో కొట్టి తల నరికించినయెడల పరలోకమునకు ఎక్కుదునని తలంచుచున్నావా అని అడిగెను. తలంచుట కాదు, నిశ్చయముగా ఎరుగుదునని జస్టిన్ ఉత్తరమిచ్చెను. అప్పుడు నగరాధికారి అసలు సంగతికి వచ్చెను. అందరు కలిసి దేవతలకు బలి అర్పింపవలెను.

దేవతల పురాణములను అక్షరాల నమ్ముట స్తోయికుల పద్ధతి కాదు. వాటికి ప్రకృతిపరమైన గూఢార్థములు చెప్పి సర్దుకొనుట వారికి అలవాటు. నిందితుని జీవితములో నేరమేమున్నదని రుస్టికస్ అడుగలేదు. జ్యూస్ నడతను నీవు మెచ్చుకొనుచున్నావా అనియు అడుగలేదు. గుప్పెడు ధూపము వేసిన చాలును, ఇంటికి పోవచ్చును. నీతిమంతుడైన ఆ న్యాయాధిపతికి పూజ ఒక మర్యాద, జస్టిన్‌కో పూజించునది ఎవరినో వారి పోలికలోనికి మారుట. బుద్ధి గలవాడెవడును భక్తినుండి భక్తిహీనతలోనికి జారడని అతడు బదులు చెప్పెను. ఇష్టము వచ్చినట్లు చేయుము, మేము క్రైస్తవులము, విగ్రహములకు బలి అర్పింపమని తక్కినవారనిరి.

దేవతలకు బలి అర్పింపనొల్లక, చక్రవర్తి యాజ్ఞకు లోబడనందున, కొరడాలతో కొట్టి శిరచ్ఛేదము చేయవలెనని రుస్టికస్ తీర్పు చెప్పెను. వారు దేవుని స్తుతించుచు వాడుక స్థలమునకు నడచిపోయిరి. విశ్వాసులలో కొందరు వారి దేహములను రహస్యముగా తీసికొనిపోయి తగిన స్థలమున పాతిపెట్టిరి.